గాయపడ్డ జవానుకి మా కంపెనీ సాయం చేద్దామనుకుంటోంది: చెక్కా, ఉద్యోగమా, ఇంకేమైనానా?

ఆటోనగర్_అకౌంట్స్

అందరికీ నమస్కారం. మాది విశాఖ ఆటోనగర్‌లో ఒక మోస్తరు కంపెనీ. పంపులకి, వాల్వులకి కాస్టింగులు, మెషినింగు చేస్తాం. స్టాఫ్ రెండొందల లోపే. అకౌంట్స్, హెచ్ఆర్ రెండూ నేనే చూస్తాను (హెచ్ఆర్ అంటే మా దగ్గర హాజరు, పీఎఫ్, దసరా బోనస్ గొడవలు, అంతే).

మా ఎండీ గారిది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఆ ఊరి కుర్రాడే ఒకతను ఆర్మీలో ఉన్నాడు, ఎల్ఓసీ దగ్గర పెట్రోలింగ్‌లో మైన్ పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. దసరాకి ఊరెళ్లినప్పుడు ఎండీ గారు వాళ్లింటికి వెళ్లి చూసొచ్చారు, అప్పట్నుంచీ ఆయన మనసు మనసులో లేదు. రాగానే నన్ను పిలిచి, "జనవరి 26న మన దగ్గర జెండా ఎగరేసేటప్పుడు వాణ్ని పిలిచి 5 లక్షలు ఇద్దాం, పెద్ద అట్ట చెక్కు ఒకటి చేయించు, పేపర్ వాళ్లకి కూడా చెప్పు" అన్నారు.

ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఆయన చేతికి ఎముక లేదు, కరోనా టైంలో రెండు నెలలు షెడ్డు మూసేసినా జీతాలు ఆపలేదు. కానీ నాకెందుకో ఆ అట్ట చెక్కు దగ్గర మనసు ఒప్పుకోవడం లేదు. ఆ కుర్రాడు కర్రల మీద స్టేజీ ఎక్కి, మేమంతా చప్పట్లు కొట్టి, సాయంత్రానికి అతను బస్సెక్కి వెళ్లిపోతే, మళ్లీ మేం అతని సంగతి ఎప్పుడు తలుచుకుంటాం? పోనీ మంచి ఇంపోర్టెడ్ కాలు కొనిద్దామా అంటే దాని గురించి నాకు ఏబీసీడీలు తెలియవు. ఉద్యోగం ఇద్దామా అంటే అతను అడగలేదు. ఇంకోటి, ఇది సీఎస్ఆర్ (కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలనే నియమం) కింద వస్తుందా అని ఎండీ గారి అబ్బాయి అడుగుతున్నాడు. ఫౌజీలు, వాళ్ల ఇంట్లోవాళ్లు, సీఏలు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

---

ఈఎంఈ_రిటైర్డ్_సికింద్రాబాద్

తమ్ముడూ, నువ్వు అడిగినదాంట్లో అసలు సంగతి లేదు. అతను ఇంకా సర్వీసులో ఉన్నాడా, బోర్డవుట్ అయి, అంటే మెడికల్ బోర్డు పనికిరాడని పంపేస్తే వచ్చేశాడా? ముందు అది తేల్చుకో. కాలు పోతే మర్నాడే పెట్టె సర్ది ఇంటికి పంపేస్తారని బయటివాళ్లు అనుకుంటారు, అలా ఏం ఉండదు. పుణెలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది, 1944 నుంచీ ఇదే పని చేస్తోంది. గాయం మానాక అక్కడికి పంపి కాలు అమరుస్తారు, నడక నేర్పిస్తారు, తర్వాత మెడికల్ బోర్డు కూర్చుంటుంది. లో మెడికల్ కేటగిరీలో పెట్టి, కూర్చుని చేసే డ్యూటీ ఏదో ఇచ్చి ఉంచుకోవడం చాలా చోట్ల జరుగుతుంది, దాన్ని షెల్టర్డ్ అపాయింట్‌మెంట్ అంటాం. అతను సర్వీసులోనే ఉంటే మీ చెక్కూ, మీ స్టేజీ, మీ పేపర్ వాళ్లూ అన్నీ పక్కన పెట్టి ముందు యూనిట్‌తో మాట్లాడాలి. వాళ్లకి తెలియకుండా అతన్ని యూనిఫాంలో మీ కంపెనీ బ్యానర్ కింద నిలబెట్టి ఫొటో తీశారనుకో, మీకేం కాదు, జవాబు చెప్పుకోవాల్సింది అతను.

ఇంపోర్టెడ్ కాలు సంగతి అసలు మర్చిపో. అది అంగడిలో సైజు చెప్పి కొనే బూటు కాదు. మిగిలిన కాలుకి అచ్చు తీసి సాకెట్, అంటే ఆ కాలు దూర్చే తొడుగు, చేస్తారు, ఆ కాలు నెలనెలా సన్నబడుతూ ఉంటుంది, మొదటి ఏడాది రెండేళ్లలో సాకెట్ వదులవుతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ మార్చాలి. ఆ పని చేయడానికి పుణెలో మనుషులున్నారు, సర్వీసులో ఉన్నా రిటైరయినా వాళ్లే చూస్తారు. మీరు లక్షలు పోసి కొన్న కాలు ఆర్నెల్లలో వదులైతే దాన్ని ఎవరు చూస్తారు, ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయిస్తారా?

ఇక చెక్కా ఉద్యోగమా అన్నావు కాబట్టి మా సెంటర్ మనిషి కథ ఒకటి చెప్తాను. మురళీకాంత్ పేట్కర్. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చాక అందరికీ తెలిశాడు గానీ ఈఎంఈలో (ఆర్మీలో యంత్రాలు, వాహనాల మరమ్మతు చూసే మా కోర్) ఆయన పేరు మేం రిక్రూట్లుగా ఉన్నప్పుడే విన్నాం. మా కోర్‌లో క్రాఫ్ట్స్‌మన్, ఇక్కడే సికింద్రాబాద్‌లో బాక్సింగ్ చేసేవాడు. 1965 యుద్ధంలో ఒంటినిండా తూటాలు తగిలాయి, వెన్నులో దిగినదాని వల్ల కాళ్లు చచ్చుబడ్డాయి. బాక్సర్‌కి కాళ్లు పోతే ఇంకేముంది? ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కోసం నీళ్లలో దింపారు, అక్కడ ఈత పట్టుకున్నాడు. 1972లో జర్మనీలోని హైడల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో బంగారు పతకం, 37.33 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. ఒలింపిక్స్‌లో గానీ పారాలింపిక్స్‌లో గానీ మన దేశానికి ఒక్క మనిషి తెచ్చిన మొదటి బంగారం అదే. ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది ఎప్పుడనుకున్నావ్, 2018లో.

నేను చెప్పాలనుకున్నది పతకం గురించి కాదు. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకి టాటాలు సాయం చేస్తామని ముందుకొస్తే ఈయన డబ్బు వద్దన్నాడు, పని ఇవ్వండన్నాడు. ఆ మాట ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ఇచ్చారు, పుణెలో టెల్కోలో, అంటే ఇప్పటి టాటా మోటార్స్‌లో. చాలా ఏళ్లు అక్కడే చేశాడు. పతకాలు గోడకి తగిలించుకుంటే కూడు పెట్టవు కదా, మధ్యలో అన్ని దశాబ్దాలు దేశం ఆయన్ని మర్చిపోయినప్పుడు ఇల్లు గడిచింది ఆ జీతంతోనే. టాటాల గొప్పతనం డబ్బు ఇస్తామనడంలో ఉందని నేననుకోను, డబ్బున్నవాడు ఎవడైనా ఇస్తాడు. తాము ఇద్దామనుకున్నది పక్కన పెట్టి అతను అడిగింది ఇచ్చారు చూడు, అక్కడుంది. మీ ఎండీ గారు అతన్ని ఏం కావాలని అడిగారా? నీ పోస్టులో ఎక్కడా కనబడలేదు.

---

సీఏ_గుంటూరు

లెక్కల సంగతి నేను చెప్తాను, ఇందులో జనం చాలా గందరగోళం చేసుకుంటారు.

సీఎస్ఆర్ అనేది అందరికీ వర్తించదు. ముందు సంవత్సరంలో నెట్‌వర్త్ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏదో ఒకటి దాటితేనే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ మీకు అంటుతుంది, అప్పుడు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. రెండొందల మంది స్టాఫ్ ఉన్న కాస్టింగ్ యూనిట్‌కి మొదటి రెండూ ఉండవు, మూడోది ఉందో లేదో మీ బ్యాలెన్స్ షీట్ చూసుకోండి. లేకపోతే ఈ చర్చే అనవసరం, మీ ఎండీ గారు తన డబ్బు తన ఇష్టం.

ఉంటే మాత్రం జాగ్రత్త. ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో మాజీ సైనికులు, యుద్ధంలో చనిపోయినవాళ్ల భార్యలు, వాళ్ల మీద ఆధారపడినవాళ్ల సంక్షేమం అని ఉంది నిజమే. కానీ కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014లోనే సర్క్యులర్ ఇచ్చింది, సీఎస్ఆర్ ఒక ప్రాజెక్టు లాగా జరగాలి, మారథాన్లు, అవార్డులు, ఒక్కసారికి ఇచ్చే విరాళాలు లాంటివి లెక్కలోకి రావని. 2021లో దాని స్థానంలో కొత్త సర్క్యులర్ వచ్చింది, కాబట్టి ఇప్పటి మాట సరిచూసుకోండి. జనవరి 26 స్టేజీ మీద ఒక మనిషికి ఇచ్చే చెక్కు సరిగ్గా అలాంటిదే. పోనీ ఉద్యోగం ఇచ్చి ఆ జీతాన్ని సీఎస్ఆర్‌లో చూపిద్దామా అంటే అది ఇంకా కుదరదు, సొంత ఉద్యోగులకి మేలు చేసేది సీఎస్ఆర్ కాదని రూల్సే చెబుతున్నాయి. ఇక్కడే నాకు ఎప్పుడూ చిరాకేస్తుంది, పేట్కర్ గారికి టాటాలు చేసినట్టు ఈరోజు ఎవరైనా చేస్తే సీఎస్ఆర్ రిపోర్టులో ఒక్క రూపాయి చూపించలేరు, అదే ఒక నిధికి డబ్బు పంపించి చేతులు దులుపుకుంటే మొత్తం చూపించొచ్చు. సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి ఇస్తే సీఎస్ఆర్ కింద ఒప్పుకుంటారు, డిసెంబర్ 7న స్కూళ్లలో చిన్న జెండాలు అమ్ముతారు చూడండి, ఆ నిధే. 80జీ, అంటే విరాళానికి పన్ను మినహాయింపు, కూడా ఉంది, కాకపోతే మీరు 22 శాతం పన్ను రేటు ఎంచుకున్న కంపెనీ అయితే అదీ రాదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. బంధువు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి డబ్బు ఊరికే వస్తే ఆ మొత్తం తీసుకున్నవాడి ఆదాయం అవుతుంది. అంటే మీ 5 లక్షలు ఆ కుర్రాడు రిటర్నులో చూపించాలి. కొత్త పన్ను పద్ధతిలో జీతంతో కలిపి 12 లక్షల లోపు ఉంటే రిబేటులో పోతుంది, పన్ను పడదు, కానీ చూపించకపోతే నోటీసు వచ్చేది అతనికి. ఫొటో మీకు, నోటీసు అతనికి. ముందే చెప్పండి.

---

జవాను_ఇల్లాలు_విజయనగరం

అందరూ రూల్స్ చెబుతున్నారు, ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెబుతాను. మావారికి కుడి కాలు మోకాలి పైనుంచి తీసేశారు. వచ్చేశాక మా ఊళ్లో ఒక కంపెనీ వాళ్లు సన్మానం చేస్తామన్నారు, వెళ్లాం. బ్యాటరీ వీల్‌చైర్ ఇచ్చారు, చాలా ఖరీదట. శాలువా కప్పారు. ఫొటో తీసే అబ్బాయి మావారితో "సార్, ప్యాంటు కొంచెం పైకెత్తండి, కాలు కనబడటం లేదు" అన్నాడు. ఆయన ఎత్తారు. నేను వేరే వైపు చూశాను.

మా ఇంటికి మూడు మెట్లు, ఆపైన జానెడు గడప. ఆ కుర్చీ ఒక్క రోజు కూడా ఇంట్లోకి రాలేదు, వరండాలో దుప్పటి కప్పి పెట్టాం. బ్యాటరీ పోతే బాగుచేసేవాడు హైదరాబాద్‌లో ఉంటాడన్నారు. అడిగిన పాపాన పోయి ఉంటే మేమే చెప్పేవాళ్లం, మాకు కుర్చీ వద్దు, ఆయన నడుస్తారు, బాత్రూం బాగుచేయించండి అని.

ఎందుకంటే, బయటివాళ్లకి తెలియదు, పగలంతా కాలు తొడుక్కునే ఉంటారు, అప్పుడు భయం లేదు. పొద్దుటికి సరిగ్గా సరిపోయిన సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది, లోపల ఇంకో మేజోడు తొడుక్కుంటారు. ఎండాకాలం మన వైపు ఉక్కకి లోపలంతా చెమట, చర్మం ఒరుసుకుపోతుంది, ఆ రోజుల్లో కాలు తీసి కూర్చోవాల్సిందే. రాత్రి పడుకునేటప్పుడు తీసి మంచం పక్కన పెడతారు. అసలు ప్రమాదం అప్పుడే. నిద్రమత్తులో లేచి రెండు కాళ్లూ ఉన్నాయనుకుని అడుగేస్తారు. అలా పడి ఒకసారి గడ్డం పగిలింది. పెరట్లో ఉన్న దొడ్డి తలుపు దాకా కర్రలతో వెళ్లడం, లోపల కూర్చునే రకం, గచ్చు నున్నగా, తడిగా. చివరికి మా వీధి చివర సిమెంటు కొట్టాయన, ఆయనకి మేం ఏమీ కాము, మేస్త్రిని తీసుకొచ్చి పడగ్గది పక్కనే వెస్టర్న్ కమోడ్ పెట్టించి, గోడకి రెండు స్టీలు రాడ్లు బిగించి, గరుకు టైల్స్ వేయించి, సామాన్ల డబ్బు కూడా మెల్లగా ఇమ్మన్నాడు. శాలువా లేదు, ఫొటో లేదు. ఇప్పటికీ ఆయన కొట్టు ముందు నుంచి వెళ్తే మావారు ఆగి పలకరించకుండా రారు.

మీ ఎండీ గారు మంచివారే అంటున్నారు కదా, ఒక్క మాట చెప్పండి. ఇంకోసారి వాళ్లింటికి వెళ్లమనండి, ఈసారి ఆ అబ్బాయితో కాదు, వాళ్లమ్మతోనో భార్యతోనో మాట్లాడమనండి. వాళ్లు మొదట "ఏమీ వద్దు బాబూ" అంటారు, మన ఇళ్లల్లో అంతే కదా. కాసేపు కూర్చుంటే చెబుతారు.

---

మొహమాటం_లేదు

అందరూ కలిసి చెక్కుని విలన్ చేసేశారు. నేను అవతలి వైపు మాట్లాడతాను, తిట్టుకోండి పర్లేదు.

5 లక్షలు తక్కువ డబ్బేం కాదు బాస్. జవానుల ఇళ్లల్లో చెల్లెలి పెళ్లి అప్పు ఉంటుంది, ఇల్లు కట్టుకున్న అప్పు ఉంటుంది, అది తీరిపోతే మనిషి రాత్రి నిద్రపోతాడు. అతనికి ఏం కావాలో డబ్బైతే అతనే తేల్చుకుంటాడు, మనం కూర్చుని తేల్చక్కర్లేదు. స్టేజీ వద్దంటే స్టేజీ తీసేయండి, ఫొటో వద్దంటే మానేయండి, ఆర్టీజీఎస్ చేయండి, చెక్కు మీద ఏడుపెందుకు?

ఇక ఉద్యోగం అంటారా, పేట్కర్ గారికి ఇచ్చింది టాటా. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ కంపెనీ ఉంది, పేరు మారిందంతే. మీది ఆటోనగర్ షెడ్డు. రేపు ఆర్డర్లు తగ్గితే ముందు ఎవర్ని తీసేస్తారు? ఇవాళ ఎండీ గారికి గుండె కరిగింది, రేపు సీఎస్ఆర్ లెక్క అడుగుతున్న అబ్బాయి సీట్లో కూర్చున్నాక? ఇంకోటి, ఆర్మీ నుంచి వచ్చాడు అనగానే మన కంపెనీలకి ఒకే ఒక్క ఉద్యోగం గుర్తొస్తుంది, గేటు. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒకాయన ఉన్నాడు, సుబేదార్‌గా రిటైరయ్యాడు, ఆయన కింద ఒకప్పుడు ముప్ఫై మంది పనిచేశారు, ఇప్పుడు స్విగ్గీ కుర్రాళ్ల ఫోన్ నంబర్లు రాసుకుంటున్నాడు. కాలు పోయినవాణ్ని తెచ్చి అలా స్టూల్ మీద కూర్చోబెట్టి "ఉద్యోగం ఇచ్చాం" అని చెప్పుకోవడం కంటే 5 లక్షలు ఇచ్చి దండం పెట్టడం ఎంతో మర్యాద.

---

ఈఎంఈ_రిటైర్డ్_సికింద్రాబాద్

గేటు గురించి చెప్పినదాంట్లో తప్పేం లేదు, నాకూ రిటైరయ్యాక వచ్చిన మొదటి ఆఫర్ అదే, మెకానిక్ ట్రేడ్‌లో అంత సర్వీసు చేశాక. అందుకే ఉద్యోగం ఇచ్చేటప్పుడు అతను ఆర్మీలో ఏం చేశాడో అడగాలి. ఇన్‌ఫాంట్రీ అంటే తుపాకీ పట్టుకోవడం ఒక్కటే అనుకుంటారు. కోత్‌లో, అంటే యూనిట్ ఆయుధాలు దాచే గదిలో, లెక్క చూసినవాడికి ఒక్క పిన్ను తేడా వచ్చినా ఊరుకోరు, రైఫిల్ ఇచ్చిన టైం, తీసుకున్న టైం, సంతకం, రోజూ. అలాంటివాణ్ని స్టోర్స్‌లో పెడితే మీ షెడ్డులో మాయమయ్యే డ్రిల్ బిట్లు, కార్బైడ్ ఇన్సర్టులు అన్నీ ఆగిపోతాయి, అది దానం కూడా కాదు, మీకే లాభం. ఇలా గాయపడ్డవాళ్లకి చేతిపని నేర్పడానికి పుణె పక్కన ఖడ్కీలో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1917లో మొదలైంది, మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయి వచ్చినవాళ్ల కోసం పెట్టింది.

కానీ తమ్ముడూ, ఒక్కటి మాత్రం చేయొద్దు. "ఉద్యోగం ఇస్తాం, వచ్చేయ్" అని అతన్ని తొందరపెట్టొద్దు. జవానుకి మామూలు సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్లు నిండాలి. మెడికల్ బోర్డు వాళ్లే పంపిస్తే లెక్క వేరు, వార్ ఇంజురీ పెన్షన్ వస్తుంది, దానికి అన్నేళ్లు ఉండక్కర్లేదు. తనంతట తాను డిశ్చార్జి రాసిచ్చి వచ్చేస్తే మాత్రం అది వేరే కథ. మీ మంచితనం కోసం అతను జీవితాంతం వచ్చే పెన్షన్ పోగొట్టుకోకూడదు. ఇంకో అనుమానం కూడా జనానికి ఉంటుంది, ప్రైవేటు జీతం తీసుకుంటే ఆర్మీ పెన్షన్ కట్ చేస్తారని. చెయ్యరు. రెండూ వస్తాయి.

మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకసారి వెళ్లు. అక్కడ కూర్చునేవాళ్లూ ఫౌజీలే, విసుక్కోరు.

---

ఆటోనగర్_అకౌంట్స్

అందరికీ చాలా థాంక్స్. విజయనగరం మేడమ్ గారి పోస్టు ప్రింట్ తీసి ఎండీ గారి టేబుల్ మీద పెట్టాను. చదివి ఏమీ అనలేదు. ఆ శనివారం డ్రైవర్‌ని కూడా తీసుకెళ్లకుండా ఊరెళ్లారు.

సంగతేంటంటే అతను ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. పన్నెండో ఏడు నడుస్తోంది. ఇప్పుడు సెలవు మీద వచ్చాడు, మళ్లీ పుణె వెళ్లాలి సాకెట్ మార్పించుకోవడానికి. యూనిట్‌లో కూర్చుని చేసే డ్యూటీ ఇస్తామన్నారట, 15 పూర్తి చేస్తానంటున్నాడు. ఎండీ గారు చెక్కు సంగతి ఎత్తితే, "ఇప్పుడు జీతం వస్తోంది బాబాయ్, ఇప్పుడు వద్దు. బయటికొచ్చిన రోజున పని కావాలి, అప్పుడు మీరు గుర్తుంచుకుంటే చాలు" అన్నాడట. ఎండీ గారు "గుర్తుండకపోవడమేంట్రా" అని కొంచెం కోప్పడ్డారట కూడా. అప్పుడతను నవ్వి, "అందరూ అలాగే అంటారు బాబాయ్, కాగితం మీద రాసివ్వండి. గేటు దగ్గర కాకుండా" అన్నాడట. మొహమాటం_లేదు గారూ, మీరు ఇక్కడ రాసింది ఆ కుర్రాడు చదివాడేమో అనిపించింది నాకు!

వాళ్లమ్మ మాత్రం, మేడమ్ చెప్పినట్టే, మొదట ఏమీ వద్దందట, కాఫీ తాగాక పెరట్లో బాత్రూం చూపించింది. బావి పక్కన, నాచు పట్టిన రాళ్ల మీద నుంచి వెళ్లాలి. మా ఫౌండ్రీ షెడ్డు కట్టిన మేస్త్రినే వచ్చే వారం పంపిస్తున్నాం, రాడ్లు మా దగ్గరే ఎస్ఎస్ పైపు వంచి చేస్తున్నాం, ఎత్తు ఎంత ఉండాలో అతన్నే నిలబెట్టి కొలత తీసుకోమన్నాను. ఇల్లు వాళ్లమ్మ పేరు మీద ఉంది, ఖర్చు ఎండీ గారి సొంతం, కంపెనీ పుస్తకాల్లోకి రాదు కాబట్టి నాకు పని తక్కువ. అయినా యూనిట్‌కి ఒక మాట చెబుతానని అతనే అన్నాడట. అట్ట చెక్కు ప్రింటింగ్ వాడికి ఇచ్చిన అడ్వాన్సు ఎలా రాబట్టాలో తెలియట్లేదు, అది వేరే కథ.

ఇప్పుడు నా ప్రశ్న సీఏ గారికి. మూడేళ్ల తర్వాత ఇచ్చే ఉద్యోగానికి ఇవాళ కాగితం ఎలా రాయాలి? ఆఫర్ లెటర్ అంటే తేదీ ఉండాలి కదా. ఎండీ గారు లేకపోయినా, అబ్బాయి గారు వచ్చినా ఆ కాగితం చెల్లాలి.

---

సీఏ_గుంటూరు

ఉత్త లెటర్ ఇస్తే అది మర్యాద కాగితం, అంతకుమించి బలం ఉండదు. ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి బోర్డు మీటింగ్‌లో తీర్మానం పెట్టండి, మినిట్స్‌లో ఎక్కించండి. అందులో ఫలానా పోస్టు, స్టోర్స్ అయితే స్టోర్స్ అని, జీతం ఆ రోజున మీ దగ్గర అదే పని చేసేవాళ్లకి ఇచ్చేదానికి తగ్గకుండా అని, డిశ్చార్జి అయిన తేదీ నుంచి ఇన్ని నెలల్లోపు అతను అడిగితే చేర్చుకోవాలి అని, అడగకపోతే అతని మీద ఏ బాధ్యతా లేదు అని రాయండి. ఈ చివరిది ముఖ్యం, అతనికి అప్పటికి ఇంకా మంచిది దొరకొచ్చు. డైరెక్టర్లందరూ, అంటే అబ్బాయి గారు కూడా, సంతకం పెట్టాలి. సర్టిఫైడ్ కాపీ అతని చేతికి ఇవ్వండి. బోర్డు తన తీర్మానాన్ని తర్వాత మార్చుకోగలదు, కాదనను, కానీ సొంత సంతకం ఉన్నదాన్ని మార్చడానికి ఎవరికైనా కాస్త మొహం చెల్లదు.

---

ఈఎంఈ_రిటైర్డ్_సికింద్రాబాద్

ఇంకోటి కలుపు. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక డీజీఆర్ (రిటైరయ్యే సైనికులకి బయట పని దొరికేలా చూసే రక్షణ శాఖ విభాగం) వాళ్లు రీసెటిల్‌మెంట్ కోర్సులు పెడతారు. స్టోర్స్ అనుకుంటే దానికి పనికొచ్చేది తీసుకోమను, మీరు వాడే సాఫ్ట్‌వేర్ పేరు కూడా ఇప్పుడే చెప్పు. పోతే మీ స్టోర్స్ కింద ఉందా, పైనుందా?

---

ఆటోనగర్_అకౌంట్స్

పైనే సార్. మెజనైన్ మీద, అంటే షెడ్డులో సగం ఎత్తులో వేసిన అటక లాంటి అంతస్తు మీద, నిటారుగా ఇనుప మెట్లు, ఒక పక్కే పట్టుకోవడానికి పైపు. ట్యాలీ వాడతాం. స్టోర్స్‌ని కిందికి దించాలంటే టూల్ రూం వెనక్కి జరగాలి, ప్రొడక్షన్ మేనేజర్ గారు అంగుళం ఇచ్చే మనిషి కాదు. మూడేళ్లు టైం ఉంది కదా అంటారు ఆయన. రేపు లంచ్ తర్వాత మాట్లాడతాను, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఆయనతో పెట్టుకోకూడదు.